నల్ల ఛార్జర్, పచ్చ మస్టాంగ్

1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో రెండు కార్లు శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద తరుముకుంటాయి. హీరో స్టీవ్ మెక్వీన్‌ది ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్, హంతకులది నల్లటి డాడ్జ్ ఛార్జర్. రెండూ ఆ ఏడాది మోడళ్లే. పేరంతా హీరో బండికే వచ్చింది. అందం మాటకొస్తే నా ఓటు మాత్రం విలన్లకే.

మస్టాంగ్‌ది కొలతల అందం. పొడుగాటి బానెట్, పొట్టి డిక్కీ, పైకప్పు నుంచి వెనక దాకా ఒకటే వాలు. సినిమా కోసం గ్రిల్లులోని గుర్రం బొమ్మనీ, పేరు అక్షరాలనీ పీకేస్తే బండి ఇంకా బాగుపడింది. కంపెనీ తగిలించిన నగలు దానికి దండగే అన్నమాట.

ఛార్జర్ దానికంటే దాదాపు రెండడుగులు పొడవు. అయినా మొద్దుగా కనపడదు. రిచర్డ్ సయస్ గీసిన ఆ ఒంటిని పక్క నుంచి చూడాలి: ముందు చక్రం మీద ఉబ్బి, తలుపుల దగ్గర నడుం సన్నబడి, వెనక చక్రం మీద మళ్లీ పొంగుతుంది. పైకప్పు అంచులు రెండూ డిక్కీ మీదికి సాగితే, వెనకద్దం వాటి మధ్య లోపలికి ఒదిగి ఉంటుంది. ఇక ముందు వైపు, ఈ కొస నుంచి ఆ కొసకి లోతైన చీకటి గ్రిల్లు. హెడ్‌లైట్లు మూతల చాటున ఉంటాయి. కళ్లు కనిపించని ఆ ముఖం వెంటపడితే ఎవరికైనా గుండె జారుతుంది. తలుపు మీది రెండు గంట్లు మాత్రం ఉత్త వేషమే, వాటిలోంచి గాలి పోదు. 1969లో గ్రిల్లు మధ్యలో అడ్డు పెట్టి ఆ చీకటిని రెండు ముక్కలు చేశారు. అదెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

చిత్రమేమంటే, కంటికి నచ్చినవే రేసులో ఎదురు తిరిగాయి. లోతైన గ్రిల్లు గాలిని పట్టేసేది, లోపలికున్న అద్దం దగ్గర గాలి సుడి తిరిగేది. అందుకే 1969లో ‘ఛార్జర్ 500’ తెచ్చారు: గ్రిల్లు ముందుకు జరిగింది, అద్దం వాలుకు సమమైంది. బండి మెరుగుపడింది, ముఖంలో కళ పోయింది. అదే ఏడాది వచ్చిన ఛార్జర్ డేటోనాకి కోసు ముక్కు, డిక్కీ మీద నిలువెత్తు రెక్క. దాన్ని అందమైనదని నేననను గానీ, 500లా మొహమాటపడలేదు. గాలి అడిగిందంతా ఇచ్చేసి, 1970 మార్చిలో టాలడేగా ట్రాక్ మీద గంటకు 200 మైళ్లు దాటింది.