గరిటె అందుకోని మాస్టారు

బడిపంతుళ్లకు పాఠం చెప్పడం కష్టమని పంతుళ్లమే ఒప్పుకుంటాం. స్కౌట్ మాస్టర్ల బేసిక్ కోర్సుకు మన జిల్లాల్లో వచ్చేది ఎక్కువగా మేమే. పేరుకు వాలంటీర్లం. కొందరు ఇష్టపడి వస్తారు, కొందరు హెడ్మాస్టరు వేసిన డ్యూటీ మీద వస్తారు. మొదటిరోజు ముఖాలు చూస్తే ఎవరెవరో తెలిసిపోతుంది. రెండు రోజులు పోయాక తెలియదు, అప్పటికి అందరి చేతులకూ మసి అంటుకుని ఉంటుంది.

రాగానే మాస్టార్లను ఏడెనిమిది మంది చొప్పున పెట్రోళ్లుగా విడదీస్తారు. పిల్లలకు ఉండే ఏర్పాటే ఇది. పెట్రోల్ లీడర్ రోజుకొకరు మారతారు. ఒకపూట హెడ్మాస్టరుగారిది నీళ్లు మోసే వంతు, ఆయన బడిలోనే పనిచేసే పీఈటీ కుర్రాడిది పని చెప్పే వంతు. "సార్, బిందె ఇంకా రాలేదండీ" అనడానికి ఆ కుర్రాడు నలిగిపోతాడు. వినేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, తరగతిలో చిన్న పిల్లాడిని లీడర్ని చేస్తే వాడు పడే అవస్థ పెద్దవాళ్లకు తెలిసే దారి ఇంకోటి లేదు.

పెద్దలకూ శిక్షణ కావాలని స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్‌కు తొలిరోజుల్లోనే తట్టింది. 1907లో బ్రౌన్‌సీ దీవిలో కుర్రాళ్లతో శిబిరం పెట్టి చూశాడు, మరుసటి ఏడు పుస్తకం తెచ్చాడు. అది చదివిన పిల్లలు తమంతట తామే జట్లు కట్టేసుకున్నారు. వెనకబడింది పెద్దలే. వాళ్ల కోసం 1919లో లండన్ అంచున, ఎపింగ్ అడవి పక్కన గిల్వెల్ పార్కు తెరిచారు. ఆ సెప్టెంబరులో మొదటి కోర్సుకు వచ్చిన పెద్దలనూ పెట్రోళ్లుగానే డేరాల్లో ఉంచారు. మన దగ్గర బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు దాటి హిమాలయ వుడ్ బ్యాడ్జ్ సాధించినవాళ్లు మెడలో వేసుకునే రెండు చెక్కపూసలు గిల్వెల్ ఆనవాయితీవే. స్కార్ఫ్ వెనక కుట్టే గళ్ల గుడ్డ ముక్క, ఆ తోట కొనిచ్చిన మెక్‌లారెన్ వంశపు నేత.

మళ్లీ మన కోర్సుకొస్తే, ముడుల పాఠంలో మాత్రం పల్లెవాళ్లదే పైచేయి. క్లోవ్ హిచ్ వేయడం ట్రైనర్ చూపించేలోపే ఆడపిల్లల గైడ్ దళానికి కెప్టెన్ అయిన ఒక టీచరు కర్రకు వేసేసి కూర్చున్నారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, గేదెను గుంజకు ఎలా కడతారండీ అని ఎదురడిగారు. కర్రలను అడ్డంగా కలిపి కట్టే స్క్వేర్ లాషింగ్‌కు ఆ ముడితోనే మొదలు, దానితోనే ముగింపు. మూడు చుట్లు, వాటిని బిగించే రెండు అడ్డచుట్లు. అలా కట్టిన చెప్పుల స్టాండు మరునాడు ఇన్‌స్పెక్షన్ దాకా నిలబడితే పెట్రోల్‌కు మార్కులు.

నాకు బాగా నచ్చేది రాత్రిపూట దిక్కులు వెతకడం. ధ్రువనక్షత్రం ఉత్తరాన ఉంటుందని సోషల్ మాస్టార్లందరికీ తెలుసు. ఎంత ఎత్తున వెతకాలంటే తడబడతారు. మనం ఏ అక్షాంశం మీద ఉంటే దాదాపు అంత ఎత్తులో కనిపిస్తుందది. గిల్వెల్‌లో 51 డిగ్రీల పైన, హైదరాబాదులో 17 చిల్లర. గుట్టో చింతచెట్టో అడ్డొస్తే ఇక అంతే. పైగా మన శిబిరాలు చలికాలంలో. ధ్రువనక్షత్రానికి దారి చూపే సప్తర్షులు డిసెంబరులో అర్ధరాత్రి దాటితే గానీ పూర్తిగా పైకి రారు. సాయంత్రం పూట శర్మిష్ఠ నక్షత్ర మండలాన్ని పట్టుకోవాలి. ఇంగ్లండు ఆకాశం చూసి రాసిన పుస్తకం ఒక్కటే ఇక్కడ సరిపోదు, మెడ నొప్పెట్టేదాకా పైకి చూడాల్సిందే.

ఇక వంట. ఒక పెట్రోల్‌వాళ్లు ఎసరు తక్కువ పోశారు. ట్రైనర్ అది చూశారు, చూసి పక్క పొయ్యివైపు నడిచిపోయారు. మధ్యాహ్నం అందరూ పలుకన్నం తిన్నారు. ఎసరు కొలత ఎవరిని అడిగారని రాత్రి మాత్రం నెమ్మదిగా అడిగారు. ఇంట్లో మెస్ నడిపే మాస్టారు ఆ జట్టులోనే ఉన్నారు. వయసులో చిన్నవాడని ఆయన్ను ఎవరూ అడగలేదు, పెద్దలముందు ఎందుకని ఆయనా నోరు విప్పలేదు. ట్రైనర్ పొద్దున్నే పొయ్యి దగ్గర చెప్పి ఉంటే అన్నం ఉడికేది, ఈ సంగతి బయటపడేది కాదు.

అన్నం దగ్గర ఊరుకోవచ్చు, వాగు దగ్గర ఊరుకోకూడదు. పిల్లలకంటే ముందు మాస్టారే దిగి లోతు చూసుకోవాలి. దిగేవాళ్లు జంటలుగా దిగాలి, గట్టున తాడుతో ఈతగాడు ఉండాలి. కత్తి, గొడ్డలి, నిప్పు కూడా ఈ లెక్కలోవే. ఎక్కడ చేతులు కట్టుకోవాలో, ఎక్కడ దూకాలో తెలియడానికే ఇన్ని రోజుల శిక్షణ అని నా అభిప్రాయం. ముడులు పుస్తకం చూసి కూడా వస్తాయి.

చిక్కల్లా తిరిగొచ్చాక. సర్టిఫికెట్ సర్వీసు రిజిస్టరులోకి, పిల్లలు అతిథుల స్వాగతానికి. బ్రహ్మోత్సవాల్లో, పుష్కరాల్లో పిల్లలు చేసే సేవ గొప్పదే, కాదనను. కానీ ఒక్క రాత్రయినా డేరాలో పడుకోని ట్రూపులు మన దగ్గర చాలానే ఉన్నాయి. అడవిదాకా పోనక్కర్లేదు, బడి ఆవరణ చాలు. ఈ చలికాలం మా పిల్లలు అక్కడే డేరాలు వేస్తారట. వంటా వాళ్లదే. మాస్టార్లకు వేరే పొయ్యి పెట్టించమని చెప్పాను, లేకపోతే పిల్లల గిన్నె చుట్టూ మూగకుండా మావాళ్లను ఆపడం నా వల్ల కాదు.