మొగలి పువ్వు లేని పూల ప్రదర్శన
(రెండు విహారాలపై ఒక సమీక్ష)

సినిమాకి సమీక్ష రాస్తారు, పుస్తకానికి రాస్తారు. తిన్న టిఫినుకీ, చూసిన పువ్వులకీ మాత్రం ఎందుకు రాయకూడదు? ఈ ఏడాది జనవరిలో మా తరగతిని ఒకే రోజున రెండు చోట్లకి తీసుకువెళ్ళారు. పొద్దున్న మా పేటలోని టిఫిన్ హోటలుకి, ఆ తర్వాత ఒక పెద్ద పూల ప్రదర్శనకి. "చాలా బాగుంది, ఎంతో ఆనందించాం" అని రాస్తే మన పత్రికలో అర పేజీ నిండుతుంది గానీ చదివినవాళ్ళకి ఏమీ మిగలదు. అందుకని రెండింటినీ ఒకే కొలతతో కొలుస్తాను. బరంపురంలో ఉంటూ తెలుగులో చదువుకునే పిల్లలకి ఆ చోటు ఏం నేర్పింది? ఇదే నా కొలత.

ముందు హోటలు సంగతి. బయట బోర్డు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. లోపలికి అడుగు పెడితే మాత్రం తెలుగూ ఒడియా కలగలిసి వినిపిస్తాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న బాబాయి ఒక బల్లతో తెలుగులో, పక్క బల్లతో ఒడియాలో మాట్లాడి, లెక్క మాత్రం తెలుగులో కూడుతున్నాడు. ఇడ్లీ, వడ, ఉప్మా వచ్చాయి. వాటి పక్కన కొబ్బరి చట్నీతో పాటు ఘుగుని కూడా వచ్చింది. ఘుగుని అంటే బఠాణీల కూర. విశాఖపట్నం నుంచి వచ్చే మా చుట్టాలు దీన్ని చూసి నవ్వుతారు. "ఇడ్లీకి బఠాణీ కూరేమిటే!" అంటారు. ఒకసారి తిన్నాక రెండోసారి వాళ్ళే అడుగుతారు.

ఈ ప్లేటు వెనక చరిత్ర ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడే దాకా మన గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మన రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి గారు 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే. తర్వాత పటం మీద గీత మారింది. మనుషులు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, పొయ్యిలూ ఉన్నాయి. అందుకే ఇక్కడ ఇడ్లీ, ఘుగుని ఒకే ప్లేటులో సర్దుకున్నాయి. పాఠంలో ఒక పేరాగా చదివి మర్చిపోయిన విషయం ఆ బల్ల దగ్గర నాకు అర్థమైంది.

లోపాలు కూడా చెప్పాలి. చట్నీ నీళ్ళగా ఉంది. ఆకు దొన్నెలు దొరికే ఊళ్ళో ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం ప్లేట్లు పెట్టారు. వంటింటి గుమ్మం దగ్గర చిన్న సీసా ఒకటి కనబడింది. ఆదివారం బిర్యానీలో వేసే కేవడా ఎసెన్సట. "ఇది మన గంజాం మొగలి పువ్వుదేనా బాబాయ్?" అని అడిగాను. ఆయన నవ్వేసి, "అసలు రూహు కొని వేస్తే ప్లేటు బిర్యానీ నువ్వు కొనగలవా అమ్మా?" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది, బాధ కూడా కలిగించింది. నచ్చింది ఎందుకంటే దాచకుండా చెప్పాడు. బాధ ఎందుకంటే మన పువ్వు వాసన మన ఊళ్ళోనే మనకి అందని ధరలో ఉంది.

ఇక పూల ప్రదర్శన. మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి. చామంతులు ఒక్కొక్కటీ అరచేతి కంటే పెద్దవి. అంత పెద్దగా ఎలా పూశాయని అక్కడి తోటమాలి తాతని అడిగాం. పక్క మొగ్గలన్నీ చిన్నప్పుడే తుంచేసి కొమ్మకి ఒక్క మొగ్గనే ఉంచుతారట. అప్పుడు బలమంతా దానికే వెళ్తుంది. డాలియాలు, పెటూనియాలు రంగుల వారీగా వరసలు కట్టి పెట్టారు. నడిచే దారి వెడల్పుగా ఉంది, ముసలివాళ్ళు కూర్చోడానికి బల్లలున్నాయి. ఇవన్నీ చేసినవాళ్ళ శ్రమ కనబడుతూనే ఉంది.

అయితే ప్రతి కుండీకీ గుచ్చిన చీటీ మీద ఇంగ్లీషు పేరో, లాటిన్ పేరో ఒక్కటే ఉంది. తెలుగు లేదు సరే, చాలా చోట్ల ఒడియా కూడా లేదు. మా నాన్నమ్మ వయసు ఆవిడ ఒకావిడ నందివర్ధనం ముందు నిలబడి చీటీ వైపు చూసి, "ఇదేం పువ్వమ్మా, మన నందివర్ధనంలా ఉంది" అంది. పువ్వు తెలిసిన మనిషికే అనుమానం పుట్టించింది ఆ చీటీ. నందివర్ధనాన్ని ఒడియాలో టగర అంటారు. మల్లిని అక్కడా మల్లి అనే అంటారు, మందారాన్నీ మందారమనే అంటారు. మూడు భాషల్లో పేర్లు రాసి ఉంటే ఆ కుండీల మధ్య నడుస్తూనే పిల్లలకి ఎంత భాష వచ్చేది!

"పరాయి దేశపు పువ్వులే ఎక్కువ పెట్టారు" అని మా తరగతిలో కొందరన్నారు. దీనికి నేను ఒప్పుకోను. డాలియా మెక్సికో నుంచి వచ్చింది నిజమే. మరి బంతి? అదీ అక్కడిదే! దండలు కట్టాం, గుమ్మానికి వేలాడదీశాం, బంతి అని పిలుచుకున్నాం. అది మనదైపోయింది. హోటల్లో మిరపకాయా, దోసెలో బంగాళాదుంపా అలా వచ్చినవే. పువ్వు ఎక్కడ పుట్టిందన్నది నాకు పెద్ద విషయం కాదు. మన నోట్లో దానికో పేరు ఉండాలి.

నా అసలు ఫిర్యాదు మొగలి పువ్వు గురించి. అంత పెద్ద ప్రదర్శనలో దాని జాడే లేదు. దేశంలో తయారయ్యే కేవడాలో ఎక్కువ భాగం మన గంజాం జిల్లాదే. ఛత్రపురం, రంగయిలుండ, చికిటి వైపు పొలం గట్ల మీద, ఇసుక నేలల్లో ఈ పొదలు పెరుగుతాయి. ఒడియాలో దీన్ని కియా అంటారు. మొగ చెట్టు పువ్వుకే ఆ వాసన. ఆడ చెట్టు అనాసపండు లాంటి కాయ కాస్తుంది. కోసిన పువ్వుల్ని వాసన పోకముందే రాగి పాత్రల్లో నీళ్ళతో కాచి, ఆ ఆవిరిని గొట్టం గుండా ఇంకో పాత్రలోకి పంపి చల్లారుస్తారు. అలా వచ్చే రూహుకీ, పువ్వుకీ కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానులో ఈ పొదలు చాలా దెబ్బతిన్నాయి. పువ్వులు కోసి బతికే కుటుంబాలూ దెబ్బతిన్నాయి.

నిర్వాహకుల తరఫున ఒక మాట చెప్పాలి. మొగలి బాగా పూసేది వానాకాలంలో, ప్రదర్శన పెట్టింది చలికాలంలో. తాజా పువ్వు తేలేదని తప్పు పట్టడం న్యాయం కాదు. కానీ కుండీలో ఒక మొక్క పెట్టవచ్చు. ఒక ఫోటో, ఒక చిన్న సీసా రూహు, కోసేవాళ్ళ గురించి నాలుగు మాటలు రాసిన అట్ట పెట్టవచ్చు. దానికి ఏ కాలమూ అడ్డు రాదు. నాన్నమ్మ జడలో మొగలిరేకులు పెట్టుకున్న రోజుల గురించి చెబుతుంది. మా తరగతిలో సగం మంది ఆ పువ్వుని కళ్ళతో చూడనే లేదు. చూడని పువ్వు పేరు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఇంట్లో మాట్లాడే తెలుగు సంగతీ అంతే. రోజూ వాడే వస్తువు మీద ఉన్న మాట బతుకుతుంది, పుస్తకంలోనే ఉన్న మాట పరీక్ష అయ్యాక పోతుంది.

మార్కులు వేస్తాను. హోటలుకి పదికి ఏడు. చట్నీకి, ప్లాస్టిక్ ప్లేట్లకి కలిపి మూడు తగ్గించాను. పూల ప్రదర్శనకి పదికి అయిదు. ఆ అయిదూ తోటమాలుల పనికి. మిగతా అయిదు పేర్ల కోసం ఆపి ఉంచాను, వచ్చే ఏడాది ఇవ్వాలనే నా కోరిక.

చివరగా మన బడికి రెండు సూచనలు. ఒకటి, వచ్చే జనవరిలోగా మనమే ఒక్కో పువ్వుకీ తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పేర్లతో చీటీలు రాసి నిర్వాహకులకి ఇద్దాం. పేర్లు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడుగుదాం. తల్లిదండ్రులు ఇందులో సాయం చేయాలి. రెండు, ఈసారి విహారం భాద్రపదంలో పెట్టి ఛత్రపురం వైపు మొగలి పొదల దగ్గరికి తీసుకువెళ్ళమని మాస్టార్లని కోరుతున్నాను. మొగలి ఆకులకి ముళ్ళుంటాయి కాబట్టి అందరూ పొడుగు చేతుల చొక్కాలు వేసుకురావాలి. టిఫిను మాత్రం ఆ హోటలు నుంచే కట్టించుకుందాం, ఆకు దొన్నెల్లో.