‘ముక్కాలా’ – డబ్బింగ్ పాటకు దక్కని పరువు

డబ్బింగ్ పాట అంటే మనవాళ్లకు చిన్నచూపు. ‘మాటలు అతికించారండీ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లలో ఈ చిన్నచూపు కాస్త ఎక్కువే. ఇక్కడ తమిళ పాట ముందుగా చెవిన పడుతుంది: వీధిలో, బస్సులో, బడి వార్షికోత్సవంలో. తెలుగు పాట ఆ తర్వాత ఎప్పుడో చేరుతుంది. రెండోసారి విన్నది నకలులా తోచడం సహజమే. కానీ ఒకే పాట పాతికేళ్ల ఎడంతో రెండు విధాలుగా మారిన తీరును పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ తీర్పు నిలవదని నా అభిప్రాయం. ఆ పాట ‘ముక్కాలా ముకాబులా’.

శంకర్ దర్శకత్వంలో 1994 సెప్టెంబరులో ‘కాదలన్’ వచ్చింది. అదే తెలుగులో ‘ప్రేమికుడు’, హిందీలో ‘హమ్‌సే హై ముకాబలా’. సంగీతం ఎ.ఆర్. రహ్మాన్. ఈ పాటను తమిళంలో వాలి, తెలుగులో రాజశ్రీ, హిందీలో పి.కె. మిశ్రా రాశారు. మూడు భాషల్లోనూ పాడింది మనో, స్వర్ణలత. తర్వాత 2019 డిసెంబరులో, రెమో డిసౌజా తీసిన ‘స్ట్రీట్ డాన్సర్ 3డి’ సినిమా కోసం తనిష్క్ బాగ్చీ దీన్ని హిందీలో తిరిగి కట్టారు. ఆ సినిమా 2020 జనవరిలో విడుదలైంది. మొదటి పాటకు ఆడిన ప్రభుదేవాయే, 46 ఏళ్ల వయసులో, దీనికీ ఆడాడు.

ముకాబలా అంటే తలపడటం, పోటీ. మొదటి పాటలో ఆ పోటీ మాటలో కంటే గొంతుల్లో ఉంది. మనో మన సత్తెనపల్లి నాగూర్‌బాబు. తర్వాతి రోజుల్లో తెలుగు తెర మీద రజనీకాంత్‌కు మాట ఇచ్చిన గొంతు అది. ఇక్కడ ఆయన కావాలని గరుకుగా, ఊపిరి వినబడేలా పాడారు. స్వర్ణలత గొంతు పెంచలేదు, తగ్గు స్థాయిలోనే నిలబడి ఎదుర్కొన్నారు. ‘కరుత్తమ్మ’ చిత్రంలోని శోకగీతానికి ఆమెకు జాతీయ పురస్కారం వచ్చింది కూడా 1994 సంవత్సరానికే. అంత దుఃఖం పలికిన గొంతే ఆ ఏడాది ఇంత కొంటెతనమూ పలికింది. 2010లో, నలభై ఏళ్లైనా నిండకుండానే ఆమె వెళ్లిపోయారు.

ఇక తెలుగు మాటల సంగతి. డబ్బింగ్ పాట రాసేవాడికి బాణీ ముందే ఉంటుంది, చిత్రీకరణ కూడా ముందే ఉంటుంది. తెర మీద పెదవులు కలిసిన చోట ప, బ, మ వంటి అక్షరం పడాలి. నోరు తెరిచిన చోట ఆకారం పడాలి. పైగా అర్థం కుదరాలి, తాళం తప్పకూడదు. ఈ పాట చివర తల, చేతులు, పాదాలు మాయమై దుస్తులే నాట్యం చేసే ఘట్టం అందరికీ గుర్తే. ప్రత్యేక దృశ్యాలకు గాను ఆ సినిమాకు జాతీయ పురస్కారం వచ్చింది. అక్కడ పెదవులే లేవు కనుక కవికి బెంగ లేదు. మిగతా పాటలో ఉన్నాయి!

దీనికి తోడు రెండు భాషల నైజం వేరు. తమిళంలో ‘ఇల్’, ‘ఆన్’, ‘ఉమ్’ అంటూ హల్లుతో ముగిసే మాటలు కొల్లలు. అవి తాళం దెబ్బ దగ్గర టక్కున తెగుతాయి. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు సాగుతుంది. కచేరీలో త్యాగరాజ కీర్తనకు వన్నె తెచ్చే ఈ గుణమే యంత్రంలా కొట్టే డ్రమ్ముల దగ్గర కాళ్లకు అడ్డం పడుతుంది. వాలి చరణంలోని జురాసిక్ పార్కు, పికాసో, టెక్సస్ లాంటి పేర్లు ఏ భాషలోనైనా అలాగే నడిచిపోతాయి. వాటి మధ్యనుండే విభక్తులూ క్రియలే చిక్కు. తమిళ ‘ఇల్’ ఉన్న జాగాలో తెలుగు ‘లో’ పెడితే అక్షరం సాగి, తర్వాతి మాట ఆలస్యమవుతుంది. ఆ జాగాలోనే ఇమిడేలా, ఆడేవాడి అడుగు తడబడకుండా మాటలు ఏరాలి. రాజశ్రీ ఏరారు. తెలుగు పాటకు జనం ఆడారంటే ఆ ఏరిక ఫలించినట్టే.

విజయనగరం నుంచి మద్రాసు చేరిన రాజశ్రీ ‘ఘర్షణ’, ‘రోజా’, ‘జెంటిల్‌మన్’ డబ్బింగ్‌లకూ పాటలు రాశారు. ‘ప్రేమికుడు’ వచ్చిన 1994లోనే కన్నుమూశారు. ఈ విద్య హైదరాబాదులో పుట్టింది కాదు, కోడంబాక్కం స్టూడియోల నీడలో పెరిగింది. రెండు భాషల మధ్య బతికే ఊరికి తగిన విద్య అది. ఒక విధంగా మన విద్య.

ఇప్పుడు కొత్త పాట చూద్దాం. పల్లవి బాణీని అట్టిపెట్టుకున్నారు. చరణాలు కొత్తగా రాయించారు. యష్ నార్వేకర్, పరంపరా ఠాకూర్ పాడారు. మెచ్చదగినది లేకపోలేదు. గుంపుగా ఆడే నర్తకులకు అనువైన బరువైన బీటు ఉంది. ప్రభుదేవా ఒళ్లు విరిచినప్పుడు ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం. కానీ గొంతులు నున్నగా చెక్కినట్టున్నాయి. నృత్య పోటీల మీద తీసిన సినిమాలో, పోటీ అనే మాటతోనే మొదలయ్యే పాటలో, ఇద్దరు గాయకుల మధ్య పోటీ వినబడదు. పల్లవి దుకాణం ముందు బోర్డులా వేలాడుతుంది. లోపలికి వెళితే సరుకు వేరు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, అసలు చేతికి వచ్చింది, వడ్డీ జమ కాలేదు.

తిరిగి కట్టడమే తప్పని నేననను. ఇదే సినిమాలోని ‘ఊర్వశి’ బాణీని అమెరికా గాయకుడు విల్.ఐ.ఆమ్ తన పుట్టినరోజు పాటలో వాడుకున్నాడు. అది 2014లో బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అతను పాత పాట పేరు తగిలించుకోలేదు, తన పనికి తగ్గట్టు దాన్ని మార్చుకున్నాడు. అదొక పద్ధతి. 2020 ఏప్రిల్‌లో ‘మసకలీ’ కొత్త రూపం వచ్చినప్పుడు మాత్రం, అసలు పాట వెనుక 200 మందికి పైగా వాద్యకారుల కృషి, 365 రోజుల మథనం ఉన్నాయని రహ్మాన్ బహిరంగంగా గుర్తుచేశారు. ఆ కొత్త రూపం కట్టింది కూడా తనిష్క్ బాగ్చీయే.

నా వాదన ఇంతే. మారుపాటకు కొలత దానికైన ఖర్చో, దానికి వచ్చిన పేరో కాదు. మూలంలోని ప్రతి అడ్డంకికీ తలవంచి, తన భాషలో తలెత్తిందా లేదా అన్నదే. ఆ కొలతతో చూస్తే 2019 నాటి హిందీ పాట కంటే మనం చిన్నచూపు చూసిన 1994 నాటి తెలుగు పాటే మేలైన మారుపాట. మన సంఘాల పాటల సాయంత్రాల్లో ఈ పాట పాడేటప్పుడు రహ్మాన్ పేరు చెబుతారు, మనో, స్వర్ణలతల పేర్లు చెబుతారు. రాజశ్రీ పేరు వినబడటం అరుదు. తమిళ బడిలో చదివే మన పిల్లలు తెలుగు ‘ముక్కాలా’ విని నవ్వితే, కసురుకోవద్దు. రెండు భాషల పాటలూ వరుసగా వినిపించి, ఏ మాట దగ్గర పెదవులు కలిశాయో వాళ్లనే చూడమందాం. ఆ పని చేసినవాడి పేరు అప్పుడు చెబుదాం.