'హమ్' రొద: మూలాన్వేషణపై ఒక విమర్శ

పాట రికార్డు చేయుటకు మైక్రోఫోను, మిక్సరు, కంప్యూటరు, స్పీకర్లు అన్నీ అమర్చిన తరువాత, గాయకుడు నోరు విప్పకముందే స్పీకరు నుండి గుంయిమని ఒక రొద వినవచ్చుట కలదు. మైకు పనివారు దీనిని 'హమ్' అంటారు. మన దేశంలో ఇండ్లకు అందే విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్ కావున ఈ రొద 50 వద్ద గాని, సరిగా దాని పై స్థాయియైన 100 వద్ద గాని ప్రధానంగా ఉంటుంది. శ్రుతిజ్ఞానం గల విద్యార్థి ఈ రెండింటిని చెవితోనే వేరుచేయగలడు. ఆ తేడా ఉపయోగకరమైనది కూడ. 100 హెర్ట్జ్ రొద బలంగా ఉంటే యంత్రంలో ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చు భాగంలోని కెపాసిటరు నీరసించినదేమో చూడవలెను. 50 అయితే దోషాన్ని పెట్టెలను కలిపిన తీగలలోనో, దగ్గరలో ఉన్న ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రంలోనో ముందుగా వెదకవలెను.

ఈ రొదను పోగొట్టుటకు పలుచోట్ల ప్రచారంలో ఉన్న చిట్కా ఒకటి కలదు. మూడు కాళ్ల ప్లగ్గులోని ఎర్తు తీగను విప్పివేయుటయే అది. రొద తరచు ఆగిపోతుంది. చిట్కాకు గల ఆకర్షణ అంతా అక్కడనే ఉన్నది. రెండు యంత్రాలు తమ ప్లగ్గుల ద్వారా ఎర్తుకు కలిసి, మరల మధ్యనున్న కేబులు కవచం ద్వారా కూడ కలిసినపుడు ఒక వలయం ఏర్పడుతుంది. రెండు చోట్ల ఎర్తు వోల్టేజి కచ్చితంగా ఒకటే కాదు గనుక ఆ వలయంలో కొద్దిపాటి ప్రవాహం సాగుతుంది. ఎర్తు తీగను విప్పితే వలయం తెగుతుంది. దానితోపాటు ప్రాణరక్షణ కూడ తెగుతుంది. లోపల ఇన్సులేషను చెడినపుడు 230 వోల్టులు లోహపు పెట్టెకు చేరుతాయి. ఎర్తు ఉంటే ఫ్యూజు పోతుంది; లేకుంటే ఆ ప్రవాహానికి దారి యంత్రాన్ని తాకినవాని దేహమే. 1972 మే నెలలో వేల్సు దేశపు స్వాన్సీ నగరంలో 'స్టోన్ ది క్రోస్' బృందపు గిటారు వాద్యకుడు లెస్ హార్వే, ఎర్తు సరిగాలేని మైక్రోఫోనును తాకి విద్యుద్ఘాతంతో మరణించాడు.

చిట్కాలే శాస్త్రంగా చెలామణి అవుతున్న ఈ రంగంలో, ఆడియో ఇంజనీరింగ్ సొసైటీవారి పత్రిక 1995 జూన్ సంచిక పేర్కొనదగినది. కేబులు కవచాలు, ఎర్తు సంబంధాలు అను విషయంపై వెలువడిన ప్రత్యేక సంచిక అది. విశేషమేమనగా దానిలోని ముఖ్య వ్యాసాలకు ఆధారం ఏ నూతన సూత్రమూ కాదు. ఓమ్ నియమం, విద్యుత్ప్రేరణ, వీట్‌స్టన్ వంతెన తెలిసినవానికి వాటి సారం చాలవరకు అందుతుంది.

వీటిలో బిల్ విట్‌లాక్ వ్రాసిన వ్యాసం అధ్యాపకులకు ఎక్కువ ఉపయోగకరం. స్టూడియోలలో వాడే సమతుల్య లైనులో రెండు తీగలు, వాటిపై ఒక కవచం ఉంటాయి. రెండు తీగలలో సంకేతం సమానంగాను వ్యతిరేకంగాను సాగుటచేతనే రొద రద్దగునని చాలమంది నమ్మిక. అది పొరపాటని విట్‌లాక్ నిరూపిస్తాడు. సమానంగా ఉండవలసినది సంకేతం కాదు, రెండు తీగలకు ఎర్తుతో గల అవరోధం. పంపు యంత్రంలోని రెండు అవరోధాలు, అందుకొను యంత్రంలోని రెండు అవరోధాలు కలిసి ఒక వీట్‌స్టన్ వంతెన. వంతెన తుల్యంగా ఉన్నంతవరకు రెండు తీగలకూ సోకిన రొద గాల్వనామీటరు స్థానంలో శూన్యమే.

తుల్యత కొంచెం చెడితే ఏమగును? పంపువైపు రెండు తీగలకు 10 ఓముల తేడా ఉన్నదనుకొందాం. అందుకొనువైపు ఒక్కొక్క తీగకు 10,000 ఓములుంటే, ఒక వోల్టు రొదలో దాదాపు ఒక మిల్లీవోల్టు సంకేతంలో కలుస్తుంది. అదే 10,000,000 ఓములైతే కలిసేది ఒక మైక్రోవోల్టు మాత్రమే. మంచి ట్రాన్స్‌ఫార్మరు గల యంత్రాలు ఎందుకు నిశ్శబ్దంగా ఉంటాయో ఈ లెక్క చెబుతుంది. ఆ కాలంలో విట్‌లాక్ ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేయు సంస్థకు అధ్యక్షుడనే సంగతి చదువరి మరువరాదు. అయినను అంకెలు ఎవరి పక్షమూ వహించవు. ట్రాన్స్‌ఫార్మరు లేకనే ఈ ఫలితం సాధించు వలయానికి ఆయనయే 1996లో పేటెంటు పొందినాడు.

నీల్ మన్సీ వ్యాసం యంత్రనిర్మాతలను నిలదీస్తుంది. మూడు పిన్నుల కనెక్టరులో ఒకటవ పిన్ను కవచానికి చెందినది. దానిని యంత్రపు లోహపు పెట్టెకు నేరుగా కలుపక లోపలి సర్క్యూటు బోర్డుకు కలిపితే, కవచంలోని ప్రవాహం సంకేతపు తీగల మధ్యనుండి నడిచి, ఆ దారి నిరోధం వలన కలిగే వోల్టేజిని పాటకు జోడిస్తుంది. వానినీటిని కాలువలోనికి మళ్లించక వంటింటిలోగుండా పోనిచ్చినట్లు! మన్సీ దీనికి 'ఒకటవ పిన్ను సమస్య' అని పేరిడినాడు. దీనిని పట్టుకొనుటకు జాన్ విండ్ట్ చెప్పిన పరీక్ష అతి సులభం. చిన్న ట్రాన్స్‌ఫార్మరు నుండి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్ల ప్రవాహాన్ని ఒకటవ పిన్ను గుండా పెట్టెకు పంపి, స్పీకరులో రొద పుట్టునేమో వినవలెను. మంచి యంత్రం మౌనంగా ఉంటుంది. కవచాన్ని పెట్టె ద్వారం వద్దనే లోహానికి కలుపవలెనను నియమం ఆ సొసైటీ ప్రమాణంగా రూపొందుటకు 2005 వరకు పట్టినది. పదేండ్ల ఆలస్యం!

ఇంత మేలు చేసిన ఈ ఆలోచనాధారకు ఒక పెద్ద కొరత కలదు. దాని దృష్టి స్టూడియోలపైన, నిర్మాతలపైన నిలిచినది. పాఠశాలలోను ఇంటిలోను పాట రికార్డు చేయువాని చేతిలో తరచు ఉండేది ఒకే తీగ, ఒకే కవచం గల కేబులు. ఇక్కడ వంతెనయే లేదు. కవచమే సంకేతానికి తిరుగుదారి. కవచపు నిరోధం అర ఓము, దానిలో ప్రవాహం ఒక మిల్లీ ఆంపియరు అయితే అర మిల్లీవోల్టు రొద తప్పదు. 300 మిల్లీవోల్టుల సంకేతంలో అది ఆరువందల వంతు, మౌనంలో స్పష్టంగా వినవచ్చును. లావైన రాగిని భూమిలో పాతితే రొదను భూమి పీల్చివేయునను విశ్వాసం కూడ ఇట్టి చోటులందే బలంగా ఉన్నది. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టరు రేడియోకు ఎర్తు ఎక్కడ ఉన్నది?

ఇట్టివారికి కావలసినది వెదకు క్రమం. చివరి యంత్రం నుండి మొదలిడి, శబ్దం తగ్గించి, ఒక్కొక్క కేబులును తీసి వినవలెను. ఏ కేబులు తీయగానే రొద ఆగునో దోషం దానికి ఆవలిదిక్కున గాని, ఆ కేబులులోనే గాని ఉన్నది. చివరి కేబులు తీసినను ఆగకుంటే ఆ యంత్రం లోపలనే. లాప్‌టాప్ చార్జరును తీసి బ్యాటరీపై నడిపినపుడు రొద పోతే దారి చార్జరు గుండా వచ్చుచున్నది. గుంయి గాక 'స్స్' మను చప్పుడైతే ఎర్తుతో పనిలేదు. జాన్సన్, నైక్విస్టులు 1928లో వివరించిన ఉష్ణజనిత రొదలో దానికి ఒక భాగం, యంత్రపు మొదటి వర్ధక దశకు మరొక భాగం.

దోషం తేలిన పిమ్మట యంత్రాలన్నిటిని ఒకే స్విచ్‌బోర్డు నుండి నడుపుట, ఎర్తును ముట్టక సంకేతపు దారిలో ట్రాన్స్‌ఫార్మరు అమర్చుట ఉత్తమం. అయితే చౌకరకం ట్రాన్స్‌ఫార్మరు మంద్రస్వరాలను సరిగా దాటనీయదు. రొదతోపాటు మృదంగపు ఎడమవైపు నాదం కూడ పలుచబడుతుంది.