నీళ్లలో గట్టిపడే సున్నం

బళ్ళారికి సముద్రం చాలా దూరం. పడమట కార్వార్ తీరానికి నేరుగా గీత గీసినా దాదాపు 300 కిలోమీటర్లు. అయినా నడిసముద్రపు రాతి మీద దీపస్తంభం ఎలా నిలిచిందన్న సంగతి ఈ ఊరివాళ్లకు ఇట్టే బోధపడుతుంది. బండగుట్ట నెత్తిన హనుమప్ప నాయకుడు కోట కడితే, దాని కింద హైదర్ అలీ ఇంకో కోట కట్టించిన ఊరిది. రాయి కొట్టడం ఇక్కడ చాలామందికి కూడు పెట్టిన విద్య.

ముందు మన తెలుగు తీరం సంగతి. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర, ఒడ్డుకు కొన్ని మైళ్ల అవతల, శాంతపల్లి రాళ్లున్నాయి. భీమునిపట్నం రేవుకు వచ్చే ఓడలకు అవి పెద్ద గండం. వాటి గురించి హెచ్చరించడానికి 1847లో దీపం పెట్టారు. పెట్టింది ఆ రాళ్ల మీద మాత్రం కాదు, ఒడ్డునున్న చిన్న కొండ మీద. నాకైతే ఇది తెలివైన పని అనిపిస్తుంది. ఓడ దూరంగా తప్పుకుపోతే చాలు, దీపం ఎక్కడుంటేనేం? తీరంలో కొండ దొరికినప్పుడు సముద్రంతో కుస్తీ పట్టనక్కర్లేదు.

ఇంగ్లండులోని ఎడ్డీస్టోన్ రాళ్లకు ఆ వెసులుబాటు లేకపోయింది. ప్లిమత్ రేవుకు 14 మైళ్ల దూరంలో, పోటు వస్తే మునిగిపోయే రాళ్లవి. 1698లో విన్‌స్టాన్లీ అనే ఆయన అక్కడ మొదటి దీపం వెలిగించాడు. 1703 నవంబరు తుపాను ఆ కట్టడాన్నీ, లోపలున్న ఆయన్నీ కలిపి ఊడ్చుకుపోయింది. తర్వాత రడ్యర్డ్ కట్టిన చెక్క స్తంభం 1755లో కాలిపోయింది. నీటి నడుమ నిప్పుకు పోవడం విధి వైపరీత్యమే అనుకోవాలి.

మూడోసారి ఆ పని జాన్ స్మీటన్ చేతికి వచ్చింది. శాస్త్ర పరికరాల తయారీతో బతుకు మొదలుపెట్టిన మనిషి, కొలతలంటే పిచ్చి. సిందూర వృక్షపు మొదలులా కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉండే స్తంభం గీశాడు. బరువంతా అడుగునే ఉంటే అల తోసినా ఒరగదని ఆయన లెక్క. వాలుగా ఉన్న బండను ముందు మెట్లు మెట్లుగా చెక్కించాడు. పేర్చే రాయి అంచును తలుపు చట్రంలోని కుసిలా చెక్కి, పక్క రాతిలో దానికి సరిపడే గాడి తొలిచారు. ఇలా ఒక వరసలోని రాళ్లన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక్క రాయిని లాగాలంటే వరసంతా కదలాలి. వరసకూ వరసకూ మధ్య పాలరాతి దిమ్మలు దించారు. బయట గ్రానైటు, లోపల మెత్తటి పోర్ట్‌లాండ్ రాయి. రాళ్లను ఒడ్డునే చెక్కి, అక్కడే పేర్చి చూసుకుని, ఆ తర్వాత పడవల్లో తీసుకెళ్లేవారు. పోటు మళ్లీ వచ్చేలోపు బండ మీద దొరికేది కొద్ది గంటలే, అక్కడ కూర్చుని ఉలి పట్టే తీరికెక్కడిది?

అసలు చిక్కు సున్నం దగ్గర వచ్చింది. మామూలు సున్నం గాలి పీల్చుకుని గట్టిపడుతుంది, నీళ్లలో ఉంచితే మెత్తగానే ఉండిపోతుంది. రాయి ఎంత గట్టిదైతే సున్నం అంత గట్టిదని అప్పటివాళ్ల నమ్మకం. స్మీటన్ రకరకాల సున్నపురాళ్లను కాల్చి చూసి, ఆ నమ్మకం తప్పని తేల్చాడు. బంకమట్టి పాలు కలిసిన సున్నపురాయే నీటిలో గడ్డకడుతుంది. వేల్స్‌లోని అబర్‌థా సున్నానికి ఇటలీ నుంచి తెప్పించిన అగ్నిపర్వతపు బూడిద సమపాళ్లలో కలిపాడు. 1759 అక్టోబరు 16న ఆ స్తంభం మీద 24 కొవ్వొత్తులు వెలిగాయి.

ఇక మన రాళ్ల దగ్గరికొద్దాం. హంపీ కోటగోడల్లో సున్నం లేకుండా నిలిచిన రాళ్లున్నాయి. ముందు వెడల్పుగా, లోపలికి సన్నగా చెక్కి, ఒకదాని సందులోకి ఒకదాన్ని ఇమిడ్చి, వెనక మట్టి దట్టించారు. బండల అంచుల్లో వరసగా కనిపించే చిన్న గుంటలు చీలలు దిగ్గొట్టిన చోట్లు. వడ్డెరలు బండను తట్టి చూసి, ఆ మోతను బట్టే అది ఎటు చీలుతుందో చెప్పగలరు. ఈ చెవి ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ రాదు.

నీటితో పని పడితే మాత్రం సున్నం కావాలి. తుంగభద్ర డ్యాం కథ అక్కడే. 1945లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు చెరో ఒడ్డు నుంచి పని మొదలుపెట్టాయి. బళ్ళారి ఆంధ్రదా మైసూరుదా అన్న గొడవ నడుస్తుండగానే, 1953లో నీళ్లు నిలిచాయి. సుమారు రెండున్నర కిలోమీటర్ల ఆ ఆనకట్టకు ప్రధానంగా వాడింది రాయి, సుర్కీ. కాల్చిన మట్టిని పొడిచేసి, సున్నంతో కలిపి గానుగ పడితే అదే సుర్కీ గచ్చు. అగ్నిపర్వతపు బూడిద చేసే పనినే ఇక్కడ కాల్చిన మట్టి చేస్తుంది. రెంటిలోనూ ఉన్న సిలికా సున్నంతో కలిసి, గాలి తగలకపోయినా బిగుస్తుంది. ఇటలీ నుంచి ఓడలో రావలసిన సరుకుకు బదులు ఊరి బట్టీలో కాల్చిన మట్టి సరిపోయిందన్నమాట. బిగియడానికి సిమెంటు కంటే ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి, తొందరపడే కాంట్రాక్టర్లకు ఇది నచ్చదు. ఎండకూ చలికీ పగుళ్లివ్వకుండా కాస్త సాగే గుణం సిమెంటు కంటే దీనికే ఎక్కువ. ఈ లాభాన్ని మనం తగినంత లెక్కలో వేసుకోలేదని నా అభిప్రాయం. పాత గుడులకూ బావులకూ సిమెంటు పూత పూసి చెడగొట్టేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

స్మీటన్ స్తంభం నూట ఇరవై ఏళ్లకు పైగా దీపం చూపింది. చివరికి అలల తాకిడికి కోతపడింది స్తంభం కాదు, దాని కింది బండ. 1882లో పక్కనే ఇంకో స్తంభం లేచాక, పాతదాని పైభాగం విప్పి ప్లిమత్ ఒడ్డున మళ్లీ పేర్చారు. మొదలు మాత్రం సముద్రంలో అలాగే ఉంది. ఇక్కడ మన ఆనకట్టకూ అలాంటి పరీక్షే ఎదురైంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఉరకలేస్తున్న నీటిలోనే ఉక్కు పలకలు దించి, వారం రోజుల్లో దాన్ని మూశారు. తెగింది ఇనుము. సుర్కీతో కట్టిన గోడ ఆ రాత్రి కూడా కదల్లేదు.