పంచాసనమున భయము

ప్రేమచంద్ 1916లో వెలువరించిన 'పంచ్ పరమేశ్వర్' కథను హిందీ పాఠకులు న్యాయపీఠమునకు చేసిన స్తోత్రముగా భావింతురు. ఆ పీఠముపై కూర్చుండినవాడు చెలిమిని, పగను మరచునని దాని సారమందురు. దానిని తెలుగు చేయబూనినప్పుడు నన్ను నిలిపివేసినది పీఠము కాదు, 'డర్' అను చిన్న మాట. ఆస్తి వ్రాయించుకొని తన్ను నిరాదరించిన జుమ్మన్‌పై ముదుసలి పినతల్లి పంచాయతీ పిలిచి, అతని ప్రాణమిత్రుడైన అల్గూనే తీర్పరిగా కోరును. అతడు జంకగా ఆ జంకునే ఎత్తిచూపి నిలదీయును. పీఠమెక్కక పూర్వమే తీర్పరి భయమును ఆమె పేరుపెట్టి పిలిచినది. ఆ కథలో న్యాయము సాధ్యమగుటకు అదియే మూలమని నా తలంపు.

భయభక్తులను ఒకే సమాసమున ఇమిడ్చిన భాష మనది. చట్టము నెదుట బీదవాడు పడు భయము మన కథకులకు క్రొత్త కాదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు' నిండ అదియే కలదు. తీర్పరి పడు భయమును గూర్చి మన సాహిత్యము తక్కువగా పలికినది. దానిని తెలియవలెనన్న తీర్పులనే చదువవలెను. అందుకై సూరత్ నగరపు వ్యాజ్యములు రెండు చూతము.

1992 డిసెంబరులో, బాబ్రీ మసీదు కూల్చివేత పిమ్మట, ఆ నగరము ఘోరమైన అల్లర్లలో మునిగెను. 1993 జనవరిలో వరాఛా రోడ్డున బాంబు పేలి ఒక బాలిక మరణించెను. ఏప్రిలులో రైల్వే స్టేషనున పేలుడు జరిగి పలువురు గాయపడిరి. నగరము భయపడెననుట నింద కాదు. లింబాయత్‌లో మగ్గములు నమ్ముకొని బ్రతుకు మన పద్మశాలీలకును ఆ భయము తప్పియుండదు. అయితే అది వీధిలో ఆగక చట్టములోనికి నడచినది.

పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము సాక్ష్యము కాదని 1872 నాటి సాక్ష్య చట్టము విధించెను. 1987 నాటి టాడా చట్టము 15వ సెక్షను, సూపరింటెండెంటు స్థాయి అధికారి యెదుట చేసినదైనచో చాలుననెను. భయము తన పేరు చెప్పుకొనలేదు. 'ఉగ్రవాద తీవ్రత' అను గౌరవవేషమున వచ్చినది. 1994లో కర్తార్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అయిదుగురిలో ముగ్గురు ఆ సెక్షనును నిలిపిరి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్లిన కె. రామస్వామియు, ఆర్. ఎం. సహాయును విభేదించిరి. ముదుసలి ప్రశ్నను తమకు తాము వేసికొన్నవారు ఆ ఇరువురే యని నాకు తోచును.

సూరత్ పేలుళ్లకు 2008లో ప్రత్యేక న్యాయస్థానము 11 మందిని శిక్షించెను. 2014 జూలైలో సుప్రీంకోర్టు వారిని నిర్దోషులుగా విడిచెను. కారణము గమనింపదగినది. జిల్లా పోలీసు సూపరింటెండెంటు ముందుగా అనుమతింపనిదే టాడా క్రింద నేరసమాచారము నమోదు కారాదని 1993 సవరణ శాసించెను. ఇచ్చట అనుమతి రాష్ట్ర ప్రభుత్వమునుండి వచ్చెను గాని సూపరింటెండెంటు నుండి కాదు. ఆ పునాది తొలగగా నేరాంగీకారములును కూలినవి. మిగిలిన సాక్ష్యము చాలలేదు. ఇది సాంకేతిక లోపమనువారు కలరు. నేనట్లనజాలను. పౌరుని రక్షణలను అంతగా కుదించిన చట్టమున మిగిలిన కొద్ది అడ్డుకట్టలలో ఆ సంతకమొకటి. పెద్ద అధికారి సంతకమున్నది గదా యని దానిని దాటిపోవుటయే భయపు తొందర. ఆ తొందర వలన బాలికకును ఒరిగినది లేదు: ఇరువది యొక్క ఏండ్ల విచారణ పిమ్మట ఆమెను చంపినదెవరో తేలలేదు.

రెండవదానిని క్లుప్తముగా చెప్పుదును. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరిగెను. రెండు వారములకు సూరత్‌లోని సగ్రామ్‌పురాలో ఒక సభకు చేరినవారిని, నిషిద్ధమైన సిమీ సభ్యులని పోలీసులు నిర్బంధించిరి. 127 మందిపై అభియోగము నడచెను. అది విద్యావిషయక సదస్సని వారు మొదటినుండియు చెప్పుచుండిరి. 2021 మార్చి 6న సూరత్ న్యాయస్థానము, నమ్మదగిన సాక్ష్యము లేదని, సంశయలాభమిచ్చి వారిని విడిచిపెట్టెను.

హిందీ పత్రికలు ఈ మాటను 'సందేహ్ కా లాభ్' అని వ్రాయును. తెలుగులోనికి మార్చుటకు అంతకంటె సులభమైన పదబంధముండదు. అక్షరములు సైతము అవియే. అయినను 'లాభము' కడ నా కలము ఆగును. అప్పటికి పందొమ్మిది సంవత్సరములు గడచినవి. ఆ 127 మందిలో ఐదుగురు తీర్పు వినకయే మరణించియుండిరి.