రాళ్ల వెనక రాతలు

శిలాజాలు ఏరేవాళ్లని లోకం మెచ్చుకుంటుంది. వాళ్ల ఉత్తరాలు, వేలం జాబితాలు, రసీదులు ఏరేవాళ్లని ఎవరూ పట్టించుకోరు. నాకైతే వీళ్ల ఓపికంటేనే గౌరవం.

ఇంగ్లండులోని లైమ్ రీజిస్ తీరంలో మేరీ ఆనింగ్ 1823 డిసెంబరులో ప్లీసియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపం అస్థిపంజరాన్ని వెలికితీసింది. మరుసటి ఏడు జియలాజికల్ సొసైటీలో దాన్ని వివరించిన భూవిజ్ఞాని కోనీబేర్ ఆమె పేరే ఎత్తలేదు. ఆమె తరఫున సాక్ష్యం చెప్పింది కాగితమే. 1823 డిసెంబరు 26న స్వయంగా బొమ్మ గీసి ఆమె రాసిన ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఇలాంటి కాగితాలు ఏరే పనికి కళ్లు కావాలి. 1840కి ముందు కవర్ల వాడకం తక్కువ. ఉత్తరాన్నే మడిచి, లక్కతో అంటించి, పైన చిరునామా రాసేవారు. అందుకే మడతలు, లక్క మరక, తపాలా ముద్ర, వాటర్‌మార్కు అన్నీ చూడాల్సినవే. పని తెలిసినవాడు మరక తుడవడు, చిరుగుకి టేపు అంటించడు. వేలంలో సంతకానికి ధర పలుకుతుంది గానీ, నా దృష్టిలో అసలు సరుకు రాళ్ల ధరలు రాసుకున్న చిల్లర చీటీ. ఏ ఎముక ఎవరి చేతి నుంచి ఎవరికి వెళ్లిందో చెప్పేది అదే. ఆనింగ్ కుటుంబం కోసం 1820లో శిలాజాల సేకర్త కర్నల్ బర్చ్ తన శిలాజాలను వేలం వేస్తే 400 పౌండ్లు వచ్చాయని మనకు తెలిసిందీ ఇలాంటి కాగితాల వల్లే.

మీ ఇంట్లో పాత కాగితాల కట్ట ఉంటే, తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చదవండి.